కాదన్నవాళ్లకు మనం పడ్డ బాకీ

మన దగ్గర సన్మానాలకు కొదవ లేదు. కనిపెట్టినవాడికి శాలువా, కనిపెట్టానని చెప్పుకున్నవాడికి ఇంకా పెద్ద శాలువా. ఆ కనిపెట్టిందేదో నిజం కాదని ఓపిగ్గా తేల్చినవాడికి మాత్రం కుర్చీ వేసే దిక్కు కూడా ఉండదు. ఈ అన్యాయం అన్ని శాస్త్రాల్లోనూ ఉంది. కానీ స్కిజోఫ్రీనియా గుర్తును రక్తంలోనో, మూత్రంలోనో, చెమటలోనో పట్టుకోవాలని దాదాపు వందేళ్లుగా సాగుతున్న వేటలో అది జరిగినంత నిర్దయగా ఇంకెక్కడా జరగలేదని నా అభియోగం. ఆ వేటలో "దొరికింది" అన్నవాళ్ల పేర్లు పుస్తకాలకెక్కాయి. "అది రోగం కాదు బాబూ, కాఫీ" అని చెప్పినవాళ్ల పేర్లు అడిగి చూడండి. మానసిక వైద్యం చదువుకున్నవాళ్లు కూడా తెల్లమొహం వేస్తారు.

కాఫీ అన్నది వేళాకోళానికి కాదు. 1950ల్లో కాగితం క్రొమటోగ్రఫీ అనే పద్ధతి ల్యాబులన్నిటికీ అందుబాటులోకి వచ్చింది. వడపోత కాగితం అంచున మూత్రం చుక్క వేసి, ఆ అంచును ద్రావకంలో నిలబెడితే, ద్రావకం కాగితం మీద పాకుతూ చుక్కలోని పదార్థాలను వేరువేరు ఎత్తుల్లో వదిలేసి పోతుంది. దాని మీద రంగు పుట్టించే మందు చల్లితే మచ్చలు బయటపడతాయి. పెద్ద ఖర్చు లేదు, పెద్ద యంత్రం అక్కర్లేదు. దాంతో మానసిక రోగుల మూత్రం మీద అందరూ పడ్డారు. స్కిజోఫ్రీనియా ఉన్నవాళ్లలో కొన్ని ఫినాలిక్ ఆమ్లాల మచ్చలు ఎక్కువగా ఉన్నాయని వార్తలొచ్చాయి. అమెరికాలో బెథెస్డాలోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థలో పనిచేసే మాన్, లాబ్రాస్ అనే ఇద్దరు కూర్చుని ఆ మచ్చల లెక్క తీశారు. ఎవరికి రోగం ఉంది, ఎవరికి లేదు అన్నదానితో లెక్క కుదరలేదు. ఎవరెన్ని కప్పుల కాఫీ తాగారన్నదానితో కుదిరింది. 1959లో ఆ మాట అచ్చు వేసి ఊరుకున్నారు. అంతే. ఏ పత్రికా మొదటి పేజీలో వేయలేదు. ఏమని వేస్తుంది? కాఫీ తాగితే మూత్రంలో కాఫీ కనపడుతుందన్నది వార్త ఎలా అవుతుంది?

వార్త ఎలా అవుతుందో వాళ్లకంటే రెండేళ్ల ముందే స్వీడన్‌కు చెందిన ఓకర్‌ఫెల్ట్ చూపించాడు. ఆయన 1957లో సైన్స్ పత్రికలో ఒక పరీక్ష ప్రకటించాడు. సీరంలో ఒక రసాయనం కలిపితే రంగు తేలుతుంది. మానసిక రోగుల సీరంలో ఆ రంగు మామూలువాళ్లకంటే త్వరగా తేలుతోంది. ఇంకేముంది, పిచ్చికి రక్తపరీక్ష వచ్చేసిందన్నంత హడావుడి జరిగింది. ఆ రంగు తేలడానికి కారణం సెరులోప్లాస్మిన్ అనే రాగి కలిసిన ప్రోటీను. అది గర్భిణుల్లో పెరుగుతుంది, జ్వరాలొస్తే పెరుగుతుంది. ఆ రంగును తేలనివ్వకుండా కాసేపు ఆపి ఉంచేది సి విటమిన్. ఏళ్ల తరబడి పిచ్చాసుపత్రి భోజనం తిన్నవాళ్ల రక్తంలో సి విటమిన్ ఎక్కడుంటుంది? విటమిన్ ఇచ్చి చూస్తే తేడా కరిగిపోయింది. అంటే ఆ పరీక్ష పట్టుకున్నది రోగి మెదడులోని లోపాన్ని కాదు, వంటగదిలోని లోపాన్ని. నిజానికి అదీ చిన్న విషయం కాదు. ఆ రోగులకు పళ్లు పెట్టడం లేదన్న సంగతిని ఆ రంగునీళ్లు కోర్టు సాక్ష్యంలా నిరూపించాయి. దాన్ని పట్టించుకున్నవాళ్లూ తక్కువే.

ఈ కాదన్నవాళ్లకు పెద్దదిక్కు సేమూర్ కెటీ. ఈయన ఊరికే ఒడ్డున కూర్చుని లోపాలు ఎంచే మనిషి కాదు. మనిషి మెదడులో రక్తం ఎంత వేగంగా ప్రవహిస్తుందో, మెదడు ఎంత ఆక్సిజన్ వాడుకుంటుందో కొలిచే పద్ధతిని 1940ల్లో ష్మిట్‌తో కలిసి తయారుచేసినవాడు. ఆ పద్ధతితో స్కిజోఫ్రీనియా రోగుల మెదళ్లనూ కొలిచాడు. మొత్తం మీద వాడుకునే ఆక్సిజన్‌లో తేడా రాలేదు. తన సొంత పద్ధతితో తనకే ఏమీ దొరకలేదని చెప్పుకోవడానికి వెనుకాడలేదు సరికదా, పొంతన లేని ఆలోచనకైనా పొంతన ఉన్న ఆలోచనకైనా ఆక్సిజన్ అంతే ఖర్చవుతుందని చమత్కరించాడు. 1959లో సైన్స్ పత్రికలో రెండు భాగాలుగా ఆయన రాసిన సమీక్షను నేను విద్యార్థులకు పనిగట్టుకుని చదివించేవాణ్ని. అప్పటిదాకా వచ్చిన రసాయన సిద్ధాంతాలన్నిటినీ వరసగా నిలబెట్టి, ఒక్కొక్కదాన్నీ ఒకే ప్రశ్న అడిగాడాయన. మీరు చూసిన తేడా రోగానిదా, రోగి బతుకుదా?

ఆ బతుకు ఎలాంటిదో ఆయన వివరంగా రాశాడు. కిక్కిరిసిన వార్డులు. ఏళ్లకేళ్లు అక్కడే. మారని తిండి, విటమిన్ల కొరత. ఒకరి నుంచి ఒకరికి అంటుకునే కామెర్లు, అమీబా విరేచనాలు, వాటివల్ల దెబ్బతిన్న కాలేయం. నడక లేదు, ఎండ లేదు. పైన మందులు. అలాంటి మనిషి మూత్రాన్ని తీసుకొచ్చి, ఇంట్లో తిని బయట తిరిగే ల్యాబ్ కుర్రాడి మూత్రంతో పోలిస్తే తేడా రాకపోతే ఆశ్చర్యపడాలి గానీ వస్తే ఏముంది! అందుకే కెటీ కూడా పనిచేసిన ఆ బెథెస్డా సంస్థలో పోలికకు తీసుకునే మామూలు మనుషుల్ని కూడా తెచ్చి ఆసుపత్రి వార్డుల్లోనే ఉంచారు. వాళ్లలో చాలామంది యుద్ధం పాపమని నమ్మే మెన్నొనైట్, బ్రెదరెన్ చర్చిల యువతీ యువకులు. ఏ జబ్బూ లేకుండా ఆసుపత్రిలో నెలల తరబడి మకాం పెట్టి, పెట్టింది తిని, సీసాల్లో మూత్రం పోసి ఇచ్చి వెళ్లిపోయిన ఈ పిల్లల గురించి ఏ పాఠ్యపుస్తకంలోనైనా ఒక పేరా ఉందా? వాళ్లు లేకపోతే కాఫీ కాఫీ అని తేలేది కాదు.

కెటీ అంత చెప్పాక కూడా ఆశ చావలేదు. 1962లో ఫ్రీడ్‌హాఫ్, వాన్ వింకిల్ నేచర్ పత్రికలో మరో మచ్చ ప్రకటించారు. ఈసారి గులాబీ రంగు మచ్చ. 19 మంది రోగుల్లో 15 మందికి ఉంది, 14 మంది మామూలువాళ్లలో ఒక్కరికీ లేదు. అంకెలు చూస్తే ఎవరికైనా గుండె వేగం పెరుగుతుంది. పైగా ఆ మచ్చలోని పదార్థం మెదడులో పుట్టే డోపమిన్‌కు దగ్గరి చుట్టం. నాగజెముడు జాతి మొక్కలోంచి వచ్చే మెస్కలిన్ అనే భ్రమలు పుట్టించే మందుకూ చుట్టమే. కథ ఇంత అందంగా కుదిరితే నమ్మకుండా ఉండటం కష్టం. నమ్మకుండా ఉన్నవాళ్లు ఎనిమిదేళ్ల పాటు మందులు మార్చి చూశారు, తిండి మార్చి చూశారు, ఇంకో ఆసుపత్రిలో, ఇంకో దేశంలో చూశారు. కొందరికి దొరికింది, కొందరికి లేదు, రోగం లేనివాళ్లలోనూ దొరికింది. చివరికి 1970లో స్టాబెనౌ, క్రెవెలింగ్, డేలీ ముగ్గురూ ఆ మచ్చకూ మామూలు తేనీటికీ ఉన్న సంబంధాన్ని బయటపెట్టారు. మొదట కాఫీ, తర్వాత టీ! నవ్వొస్తుంది నిజమే. కానీ ఆ ఎనిమిదేళ్లు ఆ పనికే ధారపోసినవాళ్లకు నవ్వు వచ్చి ఉండదు. ఇవాళ మానసిక వైద్యుల్ని అడిగితే గులాబీ మచ్చ గురించి చెప్పేవాళ్లు దొరుకుతారు. తేనీటి సంగతి తెలిసినవాళ్లు అరుదు.

మిగతావాటిని తొందరగా దాటేస్తాను. కెనడాలో హాఫర్, ఆస్మండ్ చెప్పిన అడ్రినోక్రోమ్ ఉంది. న్యూ ఆర్లియన్స్‌లో రాబర్ట్ హీత్ రోగుల సీరంలోంచి తీశానన్న టారాక్సీన్ ఉంది. దాన్ని లూసియానా జైల్లోని ఖైదీలకు ఎక్కించి చూశారు. ఆ చాప్టర్ తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఇతరులు చేసి చూస్తే ఆ ఫలితం రాలేదు. స్విట్జర్లాండ్‌లో బాజెల్‌లో రోగుల మూత్రాన్ని చిక్కబరిచి సాలీళ్లకు పట్టించి, అవి అల్లే గూళ్లు వంకర తిరుగుతాయేమోనని కాపు కాశారు. రోగుల మూత్రానికీ ఆసుపత్రి సిబ్బంది మూత్రానికీ గూళ్లలో తేడా రాలేదు. ఆ రుచి మాత్రం సాలీళ్లకు సుతరామూ నచ్చలేదని తేలింది. అది కూడా ఒక ఫలితమే, రాసిపెట్టారు, మెచ్చుకోవాలి.

చెమట దగ్గర మాత్రం కాస్త ఆగాలి. ఎందుకంటే కాదనడం ఎంత విలువైన పనో దానంత బాగా చెప్పే కథ ఇంకోటి నాకు తెలియదు. పాతకాలపు పిచ్చాసుపత్రుల్లో వెనక వార్డులకు ఒక విచిత్రమైన వాసన ఉంటుందని డాక్టర్లు చాలాకాలంగా చెప్పుకునేవారు. సెయింట్ లూయిస్‌లో కాథలీన్ స్మిత్, జేకబ్ సైన్స్ దాన్ని పరీక్షకు పెట్టారు. కొందరు రోగుల చెమటనూ, మిగతావాళ్ల చెమటనూ వాసనతో వేరుచేయడం ఎలుకలకు నేర్పారు, అవి నేర్చుకున్నాయి. 1960లో ఆ సంగతి ప్రకటించారు. 1969లో ఆ వాసనకు మూలమైన పదార్థం ట్రాన్స్-3-మిథైల్-2-హెక్సెనోయిక్ ఆమ్లమని సైన్స్ పత్రికలో రాశారు. పేరూ దొరికింది, నిర్మాణమూ దొరికింది. ఇక మిగిలింది అందరూ చప్పట్లు కొట్టడమే. అప్పుడు ఇంకొందరు వచ్చి, ఇంకా సున్నితమైన పద్ధతిలో కొలిచి, 1973లో చెప్పారు, ఇది మామూలువాళ్ల చెమటలోనూ ఉందండీ అని. స్కిజోఫ్రీనియా పరిశోధన చరిత్రలో ఆ ఆమ్లం కథ అక్కడితో సరి. కానీ ఆమ్లం ఎక్కడికీ పోలేదు. 1991లో ఫిలడెల్ఫియాలోని మోనెల్ సెంటర్ పరిశోధకులు మనిషి చంకల వాసనకు ముఖ్య కారణాల్లో అదే ఒకటని తేల్చారు. రోగి వాసన అనుకున్నది మనందరి వాసన! 1973 నాటివాళ్లు నోరు విప్పకపోయి ఉంటే, బస్సులో నిలబడి చెయ్యెత్తి రాడ్డు పట్టుకున్న ప్రతివాడూ ఆ లెక్కన అనుమానితుడే.

"అయితే ఏమిటి? కాదు, కాదు అంటూ కూర్చుంటే రోగికి ఒరిగేదేమిటి?" అని నన్ను చాలామంది అడిగారు. అడిగినవాళ్లలో తెలివైనవాళ్లూ ఉన్నారు కాబట్టి కోపం పక్కన పెట్టి జవాబు చెప్తాను.

మన ఊళ్లలో పెళ్లి సంబంధాలు ఎలా కుదురుతాయో, ఎలా తప్పుతాయో అందరికీ తెలుసు. మేనత్త కూతురు ఒకసారి ఎర్రగడ్డ ఆసుపత్రికి వెళ్లొచ్చిందని తెలిస్తే చాలు, ఆ ఇంటి పిల్లలందరి సంబంధాలూ వెనక్కిపోతాయి. ఇప్పుడు 1957 నాటి రంగునీళ్ల పరీక్షనూ, 1962 నాటి గులాబీ మచ్చనూ ఎవరూ ఎదిరించలేదనుకోండి. సందుకో ల్యాబ్ ఉన్న మన బజార్లలో ఆ పరీక్ష ఏ ధరకు అమ్ముడయ్యేదో, ఎవరు ఎవరికి చేయించమనేవాళ్లో ఊహించుకోండి. జాతకంతో పాటు మూత్రం రిపోర్టూ అడిగేవాళ్లు. పొద్దున్నే రెండు గ్లాసుల టీ తాగి ల్యాబుకు వెళ్లిన పిల్ల జన్మంతా ఆ ముద్రతో బతకాల్సి వచ్చేది. ఆ ముద్ర పడకుండా ఆపినవాళ్లు స్టాబెనౌ, క్రెవెలింగ్, డేలీ. వాళ్ల పేర్లు ఒక్కసారైనా పూర్తిగా పలకడం మన కనీస మర్యాద.

కనిపెట్టబోయినవాళ్ల మీద నాకు కక్ష ఏమీ లేదు. వాళ్లను ఆ వేటకు తోసిన కోరిక మంచిదే. ఆ రోజుల్లో అమెరికాలో బిడ్డకు స్కిజోఫ్రీనియా వస్తే తల్లి పెంపకాన్ని తప్పుపట్టేవారు, తల్లి ప్రేమ చూపకపోవడం వల్లే బిడ్డ మతి చెడిందని పేరున్న వైద్యులే రాసేవారు. రక్తంలో ఒక పదార్థం దొరికితే ఆ తల్లులకు శిక్ష తప్పేది. కాథరిన్ మెకార్మిక్ అనే సంపన్నురాలు భర్త స్టాన్లీకి ఈ జబ్బు వస్తే, 1927లో హార్వర్డ్‌లో గ్రంథుల రసాల మీద పరిశోధనకు డబ్బు పెట్టింది. భర్తకు దానివల్ల మేలు జరగలేదు. తర్వాత ఆవిడ ఇచ్చిన డబ్బుతోనే గర్భనిరోధక మాత్ర తయారైంది. ఆ మాత్ర దగ్గర ఆవిడ పేరు అందరూ చెప్తారు. భర్త కోసం చేసిన ఫలించని ప్రయత్నాన్ని ఎవరూ చెప్పరు. చూశారా, మళ్లీ అదే వరస.

నిదానంగా చేసినవాళ్లూ ఉన్నారు. నార్వేలో ఓస్లో దగ్గరి డిక్‌మార్క్ ఆసుపత్రిలో రోల్వ్ యెస్సింగ్ అనే వైద్యుడు ఒకరకం రోగుల్ని ఎంచుకున్నాడు. వాళ్లు కొన్నాళ్లు బాగుంటారు, కొన్నాళ్లు కొయ్యబారిపోతారో చిందులేస్తారో, మళ్లీ బాగుంటారు, మళ్లీ మొదలు. వందమందిని ఒక్కసారి కొలిచే బదులు కొద్దిమందిని నెలల తరబడి, ఏళ్ల తరబడి, ఒకే తిండి పెట్టి, ప్రతిరోజూ కొలిచాడు. లోపలికి ఎంత నైట్రోజన్ వెళ్తోంది, మూత్రంలో మలంలో ఎంత బయటికొస్తోంది? శరీరం నైట్రోజన్‌ను పట్టి ఉంచడం, వదిలేయడం ఆ రోగపు రాకపోకలతో కలిసి నడుస్తున్నాయని 1930ల్లో చూపించాడు. థైరాయిడ్ మందుతో ఆ చక్రాన్ని కొందరిలో ఆపగలిగాడు. అతను చూసిన జబ్బు అరుదైనది, స్కిజోఫ్రీనియా మొత్తానికి అది తాళంచెవి కాలేదు. అందుకే మరిచిపోయారు. కానీ రోగిని ఎవరితోనో పోల్చకుండా, నిన్నటి అదే రోగితో పోల్చడమనే ఆ పద్ధతి ముందు కాఫీ, టీ లాంటి పొరపాట్లు చాలావరకు నిలవవు. ఆ దారిన ఎక్కువమంది నడవకపోవడానికి కారణం ఒకటే, అది చాలా కష్టం.

ఎంత కష్టమో ఇరవైనాలుగు గంటల యూరిన్ పట్టించినవాళ్లకు తెలుసు. పొద్దున లేచాక మొదటిసారి పోసింది పారబోయాలి, అక్కణ్నుంచి మర్నాడు అదే వేళకు పోసే దాకా ప్రతి చుక్కా ఆ పెద్ద సీసాలోనే పడాలి. ఒక్కసారి మరిచిపోయి బాత్రూములో పోస్తే ఆ రోజు లెక్క గంగపాలు. ఇప్పుడు ఆ రోగి మాట్లాడని మనిషి అనుకోండి, ఆ సీసాలో విషం కలుపుతున్నారని నమ్మే మనిషి అనుకోండి. ఆ మనిషిని బతిమాలి, బుజ్జగించి, రాత్రి రెండింటికి లేపి సీసా పట్టించేది ప్రొఫెసర్ కాదు. ఆయా, వార్డుబాయ్, నైట్ డ్యూటీ సిస్టర్. యెస్సింగ్ గీతల్లో ప్రతి చుక్క వెనకా అలాంటి చెయ్యి ఒకటి ఉంది. పరిశోధనా పత్రం చివర కృతజ్ఞతల్లో కూడా వాళ్లకు చోటుండదు. రోగులకూ ఉండదు. ఆ కాలంలో వాళ్లను నీ మూత్రం తీసుకుంటాం, నీ వెన్నులో నీరు తీస్తాం, నీకిష్టమేనా అని అడిగినవాళ్లే తక్కువ.

ఈ సందర్భంలో మనవాడి మాట ఒకటి. యల్లాప్రగడ సుబ్బారావు అనగానే మందులు గుర్తొస్తాయి, శతజయంతులప్పుడు ఉపన్యాసాలు గుర్తొస్తాయి. 1925లో ఆయన ఫిస్కేతో కలిసి రక్తంలోనూ మూత్రంలోనూ ఫాస్ఫరస్‌ను నీలి రంగుతో కొలిచే పద్ధతి రాశాడు. ఎన్ని దశాబ్దాలపాటు ఎన్ని దేశాల ల్యాబుల్లో ఆ నీలం వెలిగిందో లెక్కలేదు. మా విద్యార్థులు పరీక్ష గొట్టంలో ఆ రంగు తెప్పిస్తూ కూడా అందులో సగం పేరు భీమవరం కుర్రాడిదని చెప్తే నమ్మేవారు కాదు. అంతకుముందు కొలిచినవాళ్ల అంకెల్లో ఏది నిజమో ఏది కాదో తేల్చాలంటే ముందు నమ్మకమైన కొలత ఉండాలి. కొలత పద్ధతి రాసినవాడు కూడా ఈ కాదన్నవాళ్ల బంధువే.

"కాదు" అన్న మాటల కుప్పలోంచి "అవును" అన్నది ఎలా వస్తుందో కూడా చెప్పాలి. 2007లో అమెరికాలో జోసెప్ దాల్మౌ బృందం 12 మంది స్త్రీల గురించి రాసింది. ఉన్నట్టుండి లేనివి వినపడటం, భయాలు, పొంతనలేని మాటలు, తర్వాత ఫిట్స్, స్పృహ తప్పడం. ఎక్కువమందికి అండాశయంలో టెరటోమా అనే గడ్డ ఉంది. వాళ్ల రక్తంలో, వెన్నులో నీటిలో, మెదడులోని ఎన్‌ఎండీఏ గ్రాహకాల మీద దాడిచేసే యాంటీబాడీలు దొరికాయి. గడ్డ తీసేసి, రోగనిరోధక శక్తిని అదుపు చేసే మందులిస్తే చాలామంది కోలుకుంటారు. పిచ్చి అనుకుని వార్డులో పడేసే మనిషిని ఒక ద్రవం చుక్క ఇంటికి పంపగలదని అప్పుడు తేలింది. గమనించండి, వాళ్లు స్కిజోఫ్రీనియా గుర్తు దొరికిందని అనలేదు. ఇది వేరే జబ్బు, దాన్ని ఇలా వేరుచేయొచ్చు అన్నారు. ఆ సంయమనం గాల్లోంచి ఊడిపడలేదు. మచ్చ చూసి సంబరపడి తర్వాత తలవంచుకున్న ఒక తరం, వాళ్ల చేత తలవంచించిన ఇంకో తరం నేర్పిన సంయమనమది.

స్కిజోఫ్రీనియా ఉన్నవాళ్ల ప్రాణాలు నిజంగా కాపాడిన రక్తపరీక్ష కూడా ఒకటుంది. అది రోగాన్ని పట్టుకునేది కాదు. ఏ మందుకూ లొంగని రోగుల్లో పనిచేసే క్లోజపిన్ అనే మందు కొద్దిమందిలో తెల్లకణాలను తుడిచిపెట్టేస్తుంది. 1975లో ఫిన్లండ్‌లో మరణాలు సంభవించాక ఆ మందు చాలాచోట్ల మూలపడింది. 1988లో జాన్ కేన్ బృందం దాని విలువ రుజువుచేశాక, వారంవారం తెల్లకణాల లెక్క చూడాలన్న షరతు మీద అమెరికాలో దానికి అనుమతి దొరికింది. ఏ చిన్న ల్యాబులోనైనా చేసే కౌంటు. దానికి మచ్చ లేదు, గులాబీ రంగు లేదు, మొదటి పేజీ అంతకన్నా లేదు.

ఇక "అన్నీ నార్మల్" అని వచ్చే రిపోర్టు గురించి. కొడుక్కి లేని గొంతులు వినిపిస్తున్నాయని తీసుకొచ్చిన తండ్రి చేతిలో థైరాయిడ్, బి12, షుగర్, వీడీఆర్ఎల్ రిపోర్టులన్నీ పెడితే, "ఏమీ రాలేదు కదండీ, మరి జబ్బు లేదన్నమాటేగా, గాలో ధూళో అయుంటుంది" అంటాడు. రెండువేలు పోసి చేయించినందుకు దండగ అనుకుంటాడు. ఆయనది అమాయకత్వం. ఆ మాటకు "అవును, ఏమీ రాలేదు" అని తలూపి పంపించే డాక్టర్లది ఏమనాలి? ఆ రిపోర్టు చాలా చెప్పింది. థైరాయిడ్ వల్ల కాదు. బి12 తగ్గడం వల్ల కాదు. ఒకప్పుడు పిచ్చాసుపత్రుల్ని నింపిన సిఫిలిస్ వల్ల కాదు. ఈ ఒక్కొక్క "కాదు" రాయగలగడం వెనక ఎవరెవరి జీవితాలో ఉన్నాయి. సిఫిలిస్ మెదడుకెక్కుతుందని తేలడానికి 1906లో వాసర్‌మన్ రక్తపరీక్ష, 1913లో నొగూచీ, మూర్ మెదడు కణజాలంలో ఆ సూక్ష్మజీవిని చూడటం కావలసి వచ్చాయి. డాక్టరుగారు రెండు నిమిషాలు కూర్చోబెట్టి ఇదంతా కాకపోయినా ఇందులో నాలుగు ముక్కలు చెప్తే, ఆ తండ్రి నేరుగా భూతవైద్యుడి దగ్గరికి పోడు.

ఇప్పటికీ స్కిజోఫ్రీనియాను లక్షణాలు చూసి, మాట్లాడి, కనిపెట్టి ఉండి నిర్ధారిస్తున్నారే తప్ప ఏ ద్రవంలోనూ చూసి కాదు. 2010లో అమెరికా మార్కెట్లోకి రక్తంలోని 51 పదార్థాలను కొలిచే పరీక్ష ఒకటి వచ్చింది, కొన్నేళ్లకే కనపడకుండా పోయింది. వేట ఆగలేదు, ఆగకూడదు కూడా. రక్తంలో ఇంటర్‌ల్యూకిన్-6, వెన్నులో నీటిలో కైనురెనిక్ ఆమ్లం మీద పని సాగుతోంది. అందులో పస ఉన్నట్టే ఉంది. కానీ ఇప్పటి కాఫీ, టీలు వేరే. రోగుల్లో సిగరెట్ తాగేవాళ్లు ఎక్కువ. మందుల వల్ల బరువు పెరుగుతుంది, కొవ్వు పెరుగుతుంది, ప్రొలాక్టిన్ పెరుగుతుంది. నిద్ర ఉండదు. రక్తం తీసింది పరగడుపునా, టిఫిన్ అయ్యాకా? సీసా ఫ్రిజ్‌లోకి వెళ్లేలోపు బల్లమీద ఎంతసేపు ఉంది? ఈ ప్రశ్నలు అడిగేవాణ్ని సమావేశాల్లో చాదస్తుడిగా చూస్తారు. టీకి లేచే వేళయిందని గుర్తుచేస్తారు.

ఏమీ దొరకని ఫలితాలకోసమే 2002లో ఒక వైద్య పత్రిక పెట్టారు. 2017లో మూసేశారు. మిగతా పత్రికలన్నీ ఇప్పుడు అలాంటివి వేస్తున్నాయి కాబట్టి దాని అవసరం తీరిందన్నారు. వేస్తున్నాయో లేదో మా పీజీ పిల్లల్ని అడగండి. నేను బయోకెమిస్ట్రీ చెప్పిన కాలేజీలో ఒకమ్మాయి స్కిజోఫ్రీనియా రోగుల సీరంలో ఒక పదార్థం కొలిచింది. వయసు, తిండి, సిగరెట్, మందులు అన్నీ జాగ్రత్తగా సరిచూసుకుంది. తేడా రాలేదు. వైవాలో పరీక్షకుడు పేజీలు తిప్పి, "అయితే ఏమీ రాలేదన్నమాట" అని మూసేశాడు. ఆ పక్కనే ఇంకొకతను సిగరెట్ ఊసే ఎత్తకుండా తేడా చూపించాడు, అతని పత్రం అచ్చయింది. ఆ అమ్మాయిది లైబ్రరీ బీరువాలో ఉంది. తర్వాత ఆ పదార్థాన్నే కొలవడానికి కూర్చున్న పిల్లలకు ఆ బీరువా సంగతి ఎవరు చెప్తారు? మళ్లీ అదే రక్తం, అదే కిట్, అదే ఖర్చు. మళ్లీ ఎవరో రోగి చెయ్యి చాచాలి.

పీజీ చదివే ప్రతి డాక్టరూ థీసిస్ రాయక తప్పదు. మన రెండు రాష్ట్రాల ఆరోగ్య విశ్వవిద్యాలయాలకూ ఏటా వచ్చే థీసిస్‌లలో ఏమీ తేలనివన్నీ ఒకచోట, ఎవరైనా తెరిచి చదువుకునేలా పెట్టండి. ఎంతమందిని తీసుకున్నారు, ఏ కిట్ వాడారు, రక్తం ఎప్పుడు తీశారు, ఎంతమంది సిగరెట్ తాగుతారు, ఇవి ఉంటే చాలు. ముందుమాటలు అక్కర్లేదు, గైడుగారికి పాదాభివందనాలు అసలే అక్కర్లేదు. కొత్త థీసిస్‌కు అనుమతిచ్చే కమిటీ ముందు ఆ జాబితా చూసిందా అని ఒక గడి పెట్టండి. పాఠ్యపుస్తకాలు రాసే పెద్దలు గులాబీ మచ్చ అని రాసిన ప్రతిచోటా ఆ పక్కనే 1970 అని, ఆ మూడు పేర్లూ రాయండి. దానికి పట్టే సిరా ఎంత?